బావ లేని అబద్ధం

ఆగస్టు మొదటివారంలో ఒక పొద్దున కునాక్ వలలో ఒక చేప పడింది. చేప పడటం వింతేమీ కాదు, వల వేసింది అందుకే. వింతల్లా ఏమిటంటే, డెబ్బై నాలుగేళ్లుగా ఆ సముద్రంలో నానినవాడు, కళ్లు మూసుకుని తడిమినా ఏ చేపో చెప్పగలవాడు, ఆ కునాక్‌కు కూడా అదేమిటో తెలియలేదు.

చేప చెయ్యంత పొడవుంది. గోధుమరంగు ఒళ్లంతా మచ్చలు. కుండలాంటి పొట్ట. గడ్డం కింద ఒక్కటంటే ఒక్క పోగు వేలాడుతోంది. చలికాలంలో మంచుకు కన్నం పెట్టి ఊరంతా పట్టుకునే జానెడు చేపకూ సరిగ్గా అలాంటి గడ్డమే ఉంటుంది. కానీ అది జానెడు. ఇది అలాంటివాటిని పదింటిని మింగి, మూతి తుడుచుకుని, ఇంకేమన్నా ఉందా అని అడిగేలా ఉంది.

ఒడ్డున బోటు ఇంజను విప్పుతున్నవాళ్లూ సీలు తోలు గీకుతున్నవాళ్లూ పనులాపి వచ్చారు. ఊరి సంఘం ప్రెసిడెంటు వెస్లీ బూటు కొసతో చేపను పొడిచి చూశాడు.

"కునాక్ తాతా, ఇదేంటిది?"

తెలీదు అనొచ్చు. ఒక్క మాట. కానీ కునాక్ నోటికి పుట్టిన దగ్గర్నుంచీ ఆ మాట అలవాటు లేదు.

"ఇదేంటా? ఓరి మీ చదువులు మండ! అల్లుడు చేపను ఎరగరట్రా మీరు?"

"అల్లుడు చేపా?"

"మా నానమ్మ అలాగే అనేది. పిలవకుండా వస్తుంది. ఇంట్లో ఉన్నదంతా ఊడ్చి తింటుంది. మూడు వేసవులు కదలమన్నా కదలదు. మూడో వేసవి ఆఖర్న సిగ్గొచ్చి పోద్ది. అది వెళ్లిపోయిన ఏడాది చూడాలి చలి! అక్టోబరు సగానికే ఒడ్డెంబడి మంచు గోడ కట్టేస్తుంది, వెనకటి రోజుల్లో లాగా. తుఫాను వచ్చి ఆ గోడకి తల బాదుకుని పోవడమే."

అలా అనేసి, ముఖం చెక్కలా బిగించి, అందరి వంకా ఓరగా చూసి, ఆగాడు.

ఆగింది దేనికంటే, తిట్టు కోసం.

నువుగాక్ అనే ఆ ఊళ్లో పెద్దవాడి మాటను ఎవరూ కాదనరు. మనసులో అనుకున్నా ముఖంలో కనపడనివ్వరు. ఆ హక్కు ఒక్క బావకే ఉంది. మేనమామ కొడుకో మేనత్త కొడుకో అయినవాడు నీ కోతలను నలుగురిలో పట్టుకుని ఉతికి ఆరేయవచ్చు. ఆరేయాలి కూడా. ఆరేయకపోతే వాడేం బావ? కునాక్‌కు మేనమామ కొడుకు అమాగుక్ ఉండేవాడు. యాభై ఏళ్లు కునాక్ అబద్ధం విసరడం, అమాగుక్ దాన్ని గాల్లోనే పట్టి కునాక్ నెత్తిన కొట్టడం. ఒకసారి కునాక్, మంచుగడ్డ అవతల దాక్కున్న సీలును తూటా వంపు తిరిగేలా కాల్చి చంపానన్నాడు. అమాగుక్ గొంతు సవరించుకుని, "అవును, నేనూ చూశా. ఆ సీలు నవ్వాపుకోలేక చచ్చింది" అన్నాడు. ఊరు ఆ మాట చెప్పుకుని ఒక చలికాలమంతా నవ్వింది. అందుకే కునాక్ అబద్ధాల వల్ల ఎప్పుడూ ఎవరికీ ఏమీ కాలేదు. పట్టేవాడు ఉన్నాడు కాబట్టి విసిరేవాడికి భయం లేదు.

మూడు చలికాలాల కిందట అమాగుక్ ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. విమానంలో పట్నం ఆసుపత్రికి తీసుకెళ్లారు. అదే విమానంలో పెట్టెలో తెచ్చారు.

ఇప్పుడు ఒడ్డున ఎవరూ నవ్వలేదు. వెస్లీ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"మూడు వేసవులా? అందుకా! మా తమ్ముడి వలలో ముందేడు ఒకటి పడింది, పోయినేడు రెండు పడ్డాయి. అంటే ఇది మూడో వేసవన్నమాట. తాతా, అంటే ఈ అక్టోబరుకే..."

"అదీ... మరి..." అన్నాడు కునాక్.

అతను వల భుజాన వేసుకుని ఇంటికి చేరేలోపు, వంటగదిలో వైర్‌లెస్ పెట్టె అల్లుడు చేప కథను నాలుగుసార్లు చెప్పింది. ఆ ఊళ్లో ప్రతి ఇంట్లోనూ ఆ పెట్టె పొద్దస్తమానం మోగుతూనే ఉంటుంది. మొదటిసారి నానమ్మ ఒక్కతే ఉంది. నాలుగోసారికి నానమ్మ చేతిలో రాగి కత్తి కూడా వచ్చింది.

మర్నాడు మేరిబెత్ వచ్చింది. యూనివర్సిటీ వాళ్ల పడవలో వచ్చి, సముద్రం అడుగున నీళ్లు ఎంత చల్లగా ఉన్నాయో కొలిచే పిల్ల. ముక్కు ఎర్రగా, మాట మెత్తగా ఉంటుంది. చేతిలో రికార్డరు.

"కునాక్ గారూ, మా దగ్గరున్న లెక్కలు నలభై ఏళ్లవే. మీ నానమ్మగారి మాట నూరేళ్ల నాటిది. దయచేసి మొదట్నుంచీ చెప్పండి."

అప్పుడైనా చెప్పేయవచ్చు. చెబుదామనే నోరు తెరిచాడు. కానీ ఆ పిల్ల కోటు విప్పి కుర్చీకి తగిలించింది. గట్టి బిస్కెట్టు కాఫీలో ముంచుకుని తింటూ, గడియారం వంక చూడకుండా, కళ్లింతలు చేసుకుని అతని నోటి వంకే చూస్తూ కూర్చుంది. ఆ కుర్చీలో ఒక మనిషి అలా కూర్చుని మూడేళ్లయింది. కునాక్ రెండు గంటలు మాట్లాడాడు. నానమ్మకు ఎర్ర నక్కతోలు కోటు తొడిగాడు. అల్లుడు చేప తలకాయ పులుసు వండించాడు. పులుసు రుచి కూడా చెప్పాడు. కాఫీ పోసి పోసి అబద్ధాన్ని పెంచాడు. ఆ పిల్ల వెళ్లిపోయాక కుర్చీని కాసేపు అలాగే జరిపి ఉంచాడు.

నువుగాక్‌లో ఒకప్పుడు సముద్రం వరసలో పంతొమ్మిది ఇళ్లుండేవి. ఒడ్డు కోసుకుపోతుంటే ఒక్కొక్కటీ వెనక్కి, రెండు మైళ్ల అవతల మిట్ట మీదికి పోయింది. పోయినవి పోగా మిగిలినవి రెండు. ఒకటి కునాక్‌ది. దాని పక్కది అమాగుక్ కట్టినది. అందులో ఇప్పుడు అమాగుక్ కూతురు మసాక్ ఉంటోంది, ఇద్దరు పిల్లలతో. మొగుడు చమురు బావుల్లో పని, నెలకు రెండు వారాలే ఇంట్లో.

ఆ వారమే సరుకుల పడవ మీద బుల్‌డోజర్ దిగింది. ఇళ్ల కింద దుంగలు తోసి, మంచు మీద లాగే స్లెడ్జి బండిలాగా మిట్ట మీదికి ఈడ్చడానికి. పన్నెండు రోజులు ఉంటుంది, అదే పడవ మీద తిరిగి పోతుంది, మళ్లీ వచ్చే వేసవికే. కునాక్ ఇల్లు కదిపితే కూలిపోద్దని ఇంజనీరు రాసేశాడు. అతనికి మిట్ట మీద ముసలివాళ్ల వసతిలో ఒక గది ఇచ్చారు. గది కిటికీలోంచి చూస్తే డీజిలు పీపాలు కనిపిస్తాయి. వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు. మసాక్ ఇల్లు మాత్రం ఉక్కులా ఉంది. ఆమె సంతకం పెట్టడమే తరువాయి.

బుల్‌డోజర్ దిగిన సాయంత్రమే మసాక్ సీలు నూనెలో ముంచిన ఎండు మాంసం గిన్నె పట్టుకుని వచ్చింది.

"మావయ్యా, వెస్లీ కాగితం పట్టుకొచ్చాడు. తిప్పి పంపేశాను."

"అదేమే?"

"ఎందుకూ పోవడం? మీరు చెప్పారుగా, ఈ అక్టోబరుకే ఒడ్డున మంచు గోడ కడుతుందని. ఇంక తుఫానుకి భయమేంటి? నాన్న ఒక్కొక్క దుంగా ఒడ్డుకి కొట్టుకొచ్చింది ఏరి కట్టిన ఇల్లు. మిట్ట మీద ఆ డబ్బా ఇళ్ల మధ్యకి ఈడ్చుకెళ్లి పడేయాలంటే మనసొప్పలేదు. మీరు మాటన్నాక ఇంక ఆలోచించేదేముంది?"

కునాక్ మాంసం ముక్క నోట్లో పెట్టుకున్నాడు. అది నములుతున్నంతసేపూ మాట్లాడనక్కర్లేదు కదా. అందుకని చాలాసేపు నమిలాడు.

నిజం చెప్పాలంటే, ఆ మాట వినగానే ముందు అతనికి కలిగింది భయం కాదు, సంతోషం. మసాక్ పోదు. ఆమె పిల్లలు మెట్ల మీద దబదబా దూకే చప్పుడు పోదు. ఆ ఇంటి లైటు పోదు. ఆ పూట పడుకున్నవాడు తెల్లారేదాకా మెలకువ లేకుండా నిద్రపోయాడు. మర్నాడు చెబుదామనుకున్నాడు. మర్నాడు వల చిరిగింది. ఆ మర్నాడు గాలి. అబద్ధం చెప్పడానికి క్షణం చాలింది గాని, నిజం చెప్పడానికి తీరిక దొరకలేదు మహానుభావుడికి. అలా ఎనిమిది రోజులు.

తొమ్మిదో రోజు ఒడ్డెంబడి నడుస్తుంటే చచ్చిన పక్షులు కనిపించాయి. నల్ల వీపు, తెల్ల పొట్ట, కొండ చరియల మీద గూళ్లు పెట్టేవి. మొదట ఒకటి, తర్వాత మూడు, వాగు మలుపు దగ్గరికి వెళ్లేసరికి లెక్క వదిలేశాడు. ఒకదాన్ని చేతిలోకి తీసుకున్నాడు. బరువే లేదు. రొమ్ము ఎముక కత్తి అంచులా చేతికి తగిలింది. జేబులోంచి చాకు తీసి పొట్ట కోశాడు. ఖాళీ. ఒక్క చేపపిల్ల కూడా లేదు. పొద్దున తన వలలో పడ్డ అల్లుడు చేప పొట్ట కోసినప్పుడు మాత్రం, ఈ పక్షులు తినాల్సిన చిన్నచేపలు దోసెడు జారిపడ్డాయి.

పక్షిని ఇసకలో కప్పెట్టి, మసాక్ ఇంటి వెనక్కి వెళ్లాడు. గోడ దగ్గర్నుంచి ఒడ్డు అంచు దాకా అడుగులు వేశాడు. తొమ్మిది. పోయినేడు ఇదే చోట పదహారు వేశాడు. మధ్యలో ఏడడుగులు ఒక్క అక్టోబరు తుఫాను తినేసింది, మాంసం ఎండబెట్టే కొయ్యలతో సహా. అప్పుడు ఒడ్డున మంచు లేదు. ఆ ముందేడూ లేదు. ఈ ఏడూ ఉండదు. ఇది చెప్పడానికి నానమ్మ అక్కర్లేదు, నీళ్లలో చెయ్యి పెడితే చాలు. రెండు తుఫానులొస్తే చాలు, పిల్లలు పడుకునే గది గాల్లో ఉంటుంది.

తిన్నగా మసాక్ వంటింట్లోకి వెళ్లాడు. ఆమె రొట్టె పిండి పిసుకుతోంది.

"మసాక్, సంతకం పెట్టెయ్యవే. నే చెప్పిందంతా అబద్ధం. మంచూ లేదు, గోడా లేదు. నాకేం తెలీదు."

మసాక్ చేతులాపి, ఆప్యాయంగా నవ్వింది.

"మీరు మరీనూ, మావయ్యా!"

"మరీ ఏంటే? నిజం చెప్తున్నా. నాకు ఏమీ తెలీదు!"

"తెలిసినవాళ్లంతా అదే అంటారుగా."

 ఆ ఊరి పద్ధతే అది. తిమింగలాన్ని కొట్టినవాడు, 'ఏదో నా పడవకి అడ్డొచ్చింది' అంటాడు. మంచు చదవడంలో ఆరితేరినవాడు, 'నాకేం తెలుసు, కాళ్లు తీసుకెళ్లాయి' అంటాడు. తెలుసని చెప్పుకునేవాడికి ఏమీ తెలియదని అర్థం. తెలియదన్నవాడికే అన్నీ తెలుసని అర్థం. కునాక్ ఎంత గట్టిగా తెలీదంటే అంత పెద్దవాడైపోతున్నాడు.

"నానమ్మ అలా అనలేదే తల్లీ!"

"సర్లెండి, అనలేదు. కూర్చోండి, రొట్టె కాలుతుంది, తిని వెళ్దురుగాని."

తిన్నాడు. ఏం చేస్తాడు మరి. ఇంటికొచ్చి వైర్‌లెస్ మీట నొక్కి, "ఊరందరికీ చెప్పేదేంటంటే, అల్లుడు చేప సంగతి నేను కల్పించి చెప్పాను" అన్నాడు. పెట్టెలోంచి వెస్లీ గొంతు, "విన్నాం తాతా, విన్నాం. పెద్దవాళ్లు పెద్దవాళ్లే" అంది. ఎవరో ముసలమ్మ, "మన పిల్లకాయలు నేర్చుకోవాలి ఆ అణకువ" అంది.

కునాక్ పెట్టె వంక కోపంగా చూశాడు. "ఒరే అమాగుక్" అన్నాడు. "చచ్చి మంచి పని చేశావురా."

బుల్‌డోజర్ పోవడానికి రెండు రోజులుందనగా, బడిలో బాస్కెట్‌బాల్ ఆడే హాల్లో మీటింగు పెట్టారు. మేరిబెత్ తను కొలిచిందంతా చెబుతుందని. ఊరంతా వచ్చింది. కునాక్ వెనక వరసలో తలుపు పక్కన కూర్చున్నాడు. మసాక్ పిల్లలతో ముందు వరసలో ఉంది.

మేరిబెత్ సూటిగానే చెప్పింది. చలికాలం మంచు గట్టిగా కడితే, బాగా చల్లటి ఉప్పునీళ్లు సముద్రం అడుక్కి దిగి వేసవంతా అక్కడే పడుంటాయి. దక్షిణాన ఉండే పెద్ద చేపలకు ఆ చలి ఒక గోడ. దాటి రాలేవు. మంచు ఏటేటా పల్చబడింది, గోడ కరిగిపోయింది, చేప లోపలికొచ్చింది. వచ్చి చిన్నచేపలను తింటోంది, చిన్నచేపలు లేక పక్షులు మాడుతున్నాయి.

"నా లెక్కల ప్రకారమైతే ఈ చేప చూసిపోవడానికి రాలేదు. ఉండటానికే వచ్చింది. అయితే నా లెక్కలు నలభై ఏళ్లవే" అని, ఆ పిల్ల వెనక వరస వైపు చెయ్యి చాపింది. "కునాక్ గారి కుటుంబంలో ఉన్న జ్ఞాపకం అంతకంటే పాతది. ఇలా వచ్చి పోవడం మునుపు కూడా జరిగిందని వారు చెప్పారు. ఆ మాటను నా రిపోర్టులో మొదటి పేజీలోనే పెట్టాను."

అందరూ వెనక్కి తిరిగారు. అందరి కళ్లలోనూ గౌరవమే. మసాక్ అయితే తన సొంత తండ్రిని చూసుకున్నంత గర్వంగా చూసింది. ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు, 'నోర్ముయ్యరా' అనేవాడు ఆ హాలు మొత్తంలో లేడు.

కునాక్ లేచాడు. మెల్లగా నడిచి ముందుకొచ్చాడు. రెండు చేతులూ కట్టుకుని నిలబడి, గట్టిగా అన్నాడు:

"మా నానమ్మ చెప్పింది. అల్లుడు చేప మూడు వేసవులు ఉండి పోతుంది."

తర్వాత ఎడమ వైపు రెండడుగులు జరిగాడు. ఎడమ భుజం పైకెత్తాడు, నడుము కొంచెం వంచాడు. మాటకు ముందు ఖళ్ ఖళ్ మని రెండు దగ్గులు దగ్గాడు. తను ఇందాక నిలబడిన ఖాళీ చోటు వైపు తిరిగి, బొంగురు గొంతుతో అన్నాడు:

"ఏ నానమ్మరా, కునాక్?"

హాల్లో ఎవరో ముసలాయన కెవ్వుమన్నట్టు నవ్వి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. అది అమాగుక్ గొంతు. అచ్చం అదే.

కునాక్ రెండడుగులు కుడికి జరిగి తన చోట్లోకి వచ్చాడు. "ఏ నానమ్మేంటి? మా నాన్నని కన్న తల్లి!"

ఎడమకి. దగ్గు. "ఓహో, ఆవిడా! ఆవిడ కొండల్లో నది ఒడ్డు మనిషి గదరా. జింక మాంసం తప్ప ఎరగదు. కాపరానికొచ్చిన రోజున సముద్రం చూసి, 'ఈ వాగుకి అవతలి గట్టేదీ?' అని అడిగిందంట. ఆవిడ చేపకి పేరు పెట్టిందా?"

నవ్వులు మొదలయ్యాయి. మూడేళ్లుగా ఊళ్లో వినపడని నవ్వులు.

కుడికి. "తర్వాత నేర్చుకుంది! నాకు చిన్నప్పుడు ఒళ్లో కూర్చోబెట్టుకుని చెప్పింది!"

ఎడమకి. ఈసారి దగ్గు ఆగకుండా వచ్చింది, నటన కాదు. "ఒళ్లోనా? ఒరే సన్నాసీ, మిట్ట మీద శ్మశానంలో ఆవిడ శిలువ ఉంది, దాని మీద ఆవిడ చచ్చిన సంవత్సరం చెక్కుంది, ఆ అంకెలకి నేనే రంగు వేశాను. పంతొమ్మిది వందల నలభై మూడు. నువ్వు పుట్టింది యాభైలో. ఏడేళ్లు ముందు పోయిన ముసల్ది నిన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుందా? ఎవరి ఒళ్లో కూర్చున్నావో చూసుకున్నావా?"

హాలు విరగబడింది. ముసలాళ్లు కళ్లు తుడుచుకుంటున్నారు. వెస్లీ కుర్చీలోంచి జారిపోయాడు. పిల్లలు ఎందుకో తెలియకుండానే ఎగురుతున్నారు. కునాక్ మాత్రం ఎడమ చోట్లోనే నిలబడి, ఎదుటి ఖాళీ వంక వేలు చూపిస్తూ అదే గొంతుతో ముగించాడు:

"నువ్వు అబద్ధాలకోరువి, కునాక్. మంచు రాదు. నా కూతురి ఇల్లు నీళ్లలో పడుద్ది."

నవ్వు ఒక్కసారిగా తెగిపోయింది.

శిలువ మీది అంకెలు అందరూ చూసినవే. ఎవరూ వెళ్లి చూసి రానక్కర్లేదు. బావ నోటితో వచ్చిన మాటను అణకువ అనుకోవడానికీ వీల్లేదు. మేరిబెత్ తన కాగితాల్లో మొదటి పేజీ తీసి మడిచింది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

మసాక్ పిల్లల చేతులు వదిలి, అతని దగ్గరికొచ్చింది.

"ఎనిమిది రోజులు, మావయ్యా. నేను తిప్పి పంపానని చెప్పాక ఎనిమిది రోజులు ఊరుకున్నారు. నవ్వులాట అయితే ఆ పూటే చెప్పేవారు. ఎందుకు ఊరుకున్నారు?"

కునాక్‌కు కుడికి జరగాలో ఎడమకి జరగాలో తెలియలేదు.

"మీ ఇంటి లైటు నా వంటగది గోడ మీద పడుద్ది" అన్నాడు.

 మసాక్ వెస్లీ వైపు తిరిగి, "కాగితం ఎక్కడ?" అంది.

శనివారం పొద్దున బుల్‌డోజర్ వచ్చింది. ఇంటి కింద నాలుగు దుంగలు తోసి, ఇనప తాళ్లు బిగించి లాగితే, ఇల్లు ఒళ్లు విరుచుకున్నట్టు కిర్రుమని కదిలింది. గిన్నెలు లోపల గలగలమన్నాయి. మసాక్ ముందు నడిచింది, పిల్లలు పక్కన పరిగెత్తారు, ఊళ్లో నాలుగు చక్రాల బళ్లన్నీ వెనక ఊరేగింపులా వెళ్లాయి. కునాక్ ఇంజనుకు దారి చూపించాడు. చెయ్యి ఊపి, 'ఎడమకి, ఎడమకి' అని అరిచాడు. ఎవరూ కాదనలేదు గాని, డ్రైవరు మాత్రం అతని వంక చూడకుండా వెస్లీ వంక చూసి తిప్పాడు. మేరిబెత్ ముందురోజే పడవెక్కి పోయింది. ఈసారి ఎవరూ ఒడ్డున అతన్ని ఆపి, 'తాతా, రేపు గాలి ఎటు?' అని అడగలేదు.

ఇల్లు మిట్ట వంపు తిరిగి కనపడకుండా పోయాక, కునాక్ వెనక్కొచ్చి అది ఉన్న చోట నిలబడ్డాడు. నలభై ఏళ్లు ఎండ తగలని నేల. నలుచదరంగా, నల్లగా, ఊబిలా మెత్తగా ఉంది. నేల పలకల సందుల్లోంచి జారి పడ్డవన్నీ అక్కడే ఉన్నాయి. ఒక చెంచా, గుండీలు, పిల్లల రంగు పెన్సిలు ముక్క, తుప్పు పట్టిన చేప గాలం. బూటుతో కెలుకుతుంటే గులాబీ రంగుది ఏదో తేలింది.

వంగి తీశాడు. బురద తుడిచాడు. కింది పళ్ల సెట్టు.

పన్నెండేళ్ల కిందట క్రిస్మస్ విందులో అమాగుక్ కట్టుడుపళ్లు పోయాయి. ఆ పూటే వైర్‌లెస్ ఎక్కి, "నా పళ్లు కునాక్‌గాడు దాచాడు, చూసినవాళ్లు చెప్పండి" అని ఊరంతా చాటాడు. తను తీయలేదని కునాక్ ప్రమాణం చేశాడు. కునాక్ ప్రమాణం ఎవరు నమ్ముతారు? చచ్చేదాకా తొమ్మిదేళ్లు అమాగుక్, మెత్తటి మాంసం ముక్కలు కూడా సూప్‌లో నానబెట్టుకుంటూ, ప్రతి విందులోనూ ఎదురుగా కూర్చుని అడిగేవాడు, నా పళ్లెప్పుడిస్తావురా దొంగా అని. ఆసుపత్రికి తీసుకెళ్లే విమానం మెట్ల మీద నిలబడి కూడా అదే అడిగాడు.

జీవితంలో కునాక్ చెప్పిన నిజం అదొక్కటే. అదిప్పుడు చేతిలో ఉంది, బురద ఓడుతూ.

"నేను తీయలేదని చెప్పానా లేదా?" అన్నాడు పైకే. "చెప్పానా లేదా? మీ వంటగది పలకల కిందే ఉందిరా, పీనుగా!"

అలలు ఒడ్డు కింద తపతపమంటున్నాయి. కునాక్‌కు నవ్వొచ్చింది. నవ్వాడు. ఒక్కడే నవ్వితే ఎంతసేపు నవ్వుతాడు?

పళ్లను సముద్రపు నీళ్లలో కడిగి, చొక్కా జేబులో వేసుకుని, గుండీ పెట్టుకున్నాడు. సామాను సర్దుకోమనీ, ముసలివాళ్ల వసతికి తీసుకెళ్లడానికి గురువారం బండి పంపుతాననీ మసాక్ చెప్పింది. గురువారానికి ఇంకా అయిదు రోజులుంది.